గోడ మీద మన బొమ్మ ఏది?

(కొండాపూర్‌లో జరిగిన ఫోటోగ్రాఫర్ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముహూర్తాల నడుమ ఒక ఖాళీ దినం చూసుకొని, కెమెరా సంచులు భుజానేసుకొని మీరంతా ఈ కొండాపూర్ దాక వచ్చిన్రు. నల్లగొండ దిక్కు నుంచి, పాలమూరు దిక్కు నుంచి రెండు బస్సులు మారి వచ్చినోళ్లు కూడా ఉన్నరు. మాకు ఫోటో తీసుడు రాదు. మేము రాతగాళ్లం. అయినా మీ ముంగట నిలబడే ధైర్యం ఎందుకు చేసినమంటే, పదిహేనేండ్లకు పైగా మీ ఫోటో పక్కననే మా వార్త అచ్చయింది. లాఠీ దెబ్బలు కలిసే తిన్నం. బాష్పవాయువు గోళం పడితే మేము కండ్లు మూసుకొని ఉరికినం, మీరు ఒక కన్ను తెరిచే ఉంచిన్రు. మేము రాసిన వార్త మరునాటికి మిర్చిబజ్జీల పొట్లమైంది. మీరు తీసిన ఫోటో మిగిలింది.

నిజంగా మిగిలిందా? ఇయ్యాల మాట్లాడుకోవాల్సింది ఆ ముచ్చటే.

మన గడప ముంగట పండుగ

మనం కూసున్న ఈ జాగకు దగ్గర్లనే, మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉన్నది. 2015 నుంచి అక్కడ 'ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్' జరుగుతున్నది. ఆక్విన్ మాథ్యూస్ అనే ఫోటోగ్రాఫర్ మొదలుపెట్టిండు. లైట్‌క్రాఫ్ట్ ఫౌండేషన్ నడిపిస్తున్నది. దేశదేశాల ఫోటోగ్రాఫర్ల పనిని గోడల మీద పెడుతరు. ఉపన్యాసాలుంటయి, వర్క్‌షాపులుంటయి. కొత్తవాళ్లు తమ ఫోటోలు పట్టుకపోతే పెద్దవాళ్లు ఎదురుగ కూసోబెట్టుకొని ఒక్కొక్కటి చూసి మంచిచెడ్డలు చెప్పే 'పోర్ట్‌ఫోలియో రివ్యూ' కూడా ఉంటది. ఫోటో పండుగ అంటే పారిస్‌లనో ఢాకాలనో అనుకునే కాలం పోయింది. అది మెట్రో దిగి ఆటో ఎక్కితే అందే దూరానికి వచ్చింది.

మరి మీలో ఆ గ్యాలరీ మెట్లెక్కినోళ్లు ఎందరు? చేతులెత్తుండ్రి. ఆరుగురు... ఏడుగురు. మంచిది. సిగ్గుపడొద్దు. తలుపు ఎవ్వరూ మూయలేదు, తెరిచే ఉన్నది. కానీ తెరిచిన తలుపు ముంగట కూడా ఆగిపోయే అలవాటు మనకున్నది. 'గది పెద్దోళ్లది, ఇంగ్లీషోళ్లది, మనది పెండ్లిళ్ల పని' అనుకొని బయటి నుంచే మర్లుతం. బొమ్మ తీసేటప్పుడు పోలీసు బారికేడు దాటినోళ్లం, బొమ్మ చూపించేటప్పుడు అద్దాల తలుపు దాటలేకపోతున్నం.

ఒక మిత్రుని ముచ్చట

మా మిత్రుడొకడు ఉన్నడు. ఒక మండల కేంద్రంలో చిన్న స్టూడియో. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెండ్లిళ్లు, చీర కట్టించే ఫంక్షన్లు. ఉద్యమం నడిచిన రోజులల్ల ఒక పత్రికకు ఫోటోలు పంపేటోడు. పేరు చెప్పొద్దన్నడు కాబట్టి చెప్పం.

నిరుడు ఆయన ఫోన్ చేసి, 'ఫోటో పండుగల రివ్యూకు పోదామనుకుంటున్న, ఇంగ్లీషుల నాలుగు ముక్కలు రాసియ్యాలె' అన్నడు. సరేనన్నం. ఒక శనివారం రాత్రి ఇక్కడనే, కొత్తగూడ చౌరస్తా దగ్గరున్న మా రూములకు హార్డ్ డిస్కు పట్టుకొని వచ్చిండు. డిస్కు పెడితే టక్ టక్ మని చప్పుడు చేసుడు తప్ప తెరుచుకోలేదు. రిపేరు దుకాణపాయన చేతులెత్తేసిండు. 2009 నుంచి 2012 దాక తీసిన బొమ్మలు ఎక్కువ భాగం అండ్లనే ఉన్నయి. సీడీలు కూడ ఉన్నయిగని సగం చదవలేదు. వెనక పూత పెచ్చులూడింది. ఆఖరికి ఏమి దొరికిందంటే, ఆయన పత్రికకు ఈమెయిల్ చేసిన చిన్న సైజు ఫోటోలు ముప్పై చిల్లర. మూడేండ్ల ఉద్యమం ముప్పై ఫోటోలకు వచ్చింది.

ఆ రాత్రి ఆయన ఏడ్వలేదు. చాయ్ తాగి, 'ఉన్నయి చూద్దాం పట్టుండ్రి' అన్నడు.

ముప్పైల నుంచి పన్నెండు ఏరినం. అండ్ల ఒకటి 2011 జూన్ 19 నాటి వంటా-వార్పు ఫోటో. జాతీయ రహదారి నడిమిట్ల మూడు రాళ్ల పొయ్యి. దాని మీద పెద్ద గంజు. పొగల ఒక నడీడు అమ్మ, కొంగు నడుముకు చెక్కుకొని గరిటె తిప్పుతున్నది. ఆమె వెనక ఆగిపోయిన లారీల వరుస ఎక్కడిదాకనో ఉన్నది. లాఠీ లేదు, మంట లేదు, జెండా కూడ సగమే కనవడ్తది. అయినా చూస్తే అర్థమైతది, రోడ్డును వంటిల్లు చేసినోళ్లు ఎంత పట్టుదల మీదున్నరో.

రివ్యూల ఆయన ఫోటోలు చూసిన పెద్దమనిషి ఆ బొమ్మ దగ్గర ఆగిండట. సానాసేపు చూసి ఒక్క ప్రశ్న అడిగిండట. 'ఈమె పేరేమిటి?'

మావోడికి తెల్వదు. పద్నాలుగేండ్లుగా ఆ ఫోటో ఆయన దగ్గరున్నది. స్టూడియో గోడకు కూడ ఉన్నది. 'తెలంగాణ తల్లి' అని కింద రాసుకున్నడు. పేరు మాత్రం అడగలేదు. ఆ పెద్దమనిషి ఇంకేమనలేదట. మిగతా ఫోటోల గురించి మెచ్చుకొని, వెలుగు గురించి, వరుస గురించి చెప్పిండట. కానీ మావోడు బయటికొచ్చి మెట్ల మీద కూసొని అన్న మాట మాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది: 'పత్రికోళ్లు నా పేరు వెయ్యలేదని ఇన్నేండ్లు తిట్టిన. నేను చేసింది ఏంది?'

మిత్రులారా, ఆ ప్రశ్న ఆయనొక్కనిది కాదు. మనందరిది. మా రాతగాళ్లది కూడ.

రాజా దీన్ దయాళ్ పలకలు

మన దగ్గర ఫోటోగ్రఫీ నిన్నమొన్నటిది కాదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇండోర్‌లో కొలువు చేసిన లాలా దీన్ దయాళ్ హైదరాబాద్‌కు వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో ఫోటోగ్రాఫరైండు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిండు. 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల స్త్రీ చేతిల పెట్టిండు. నిజాం ఆయనకు 'రాజా', 'ముసవ్వర్ జంగ్' బిరుదులిచ్చిండు. 1905లో కాలం చేసిండు.

ఆయన తీసినవన్నీ వేటలు, దర్బారులు, దేవిడీలు అని తీసిపారేసుడు అలవాటైంది. కానీ 1899-1900 కరువు కాలంలో, అప్పట్ల నిజాం రాజ్యంలో భాగమైన ఔరంగాబాద్ ప్రాంతంలో ఎముకల గూళ్లయిన మనుషుల ఫోటోలు కూడ ఆయన పేరు మీదనే ఉన్నయి. వేటాడిన పులి పక్కన నిలబడ్డ దొరల పేర్లు ఆ కాలపు ఆల్బములల్ల ఉన్నయి. కరువుల చిక్కిపోయిన మనుషులు మాత్రం 'రకాలు'గా మిగిలిన్రు. పేరు దొరది. రకం పేదోనిది. ఈ లెక్క అప్పుడే మొదలైంది. మనం అదే లెక్క ఇంకా నడిపిస్తున్నం.

ఇంకొక ముచ్చట గమనించుండ్రి. దీన్ దయాళ్‌వి గాజు పలకల నెగెటివులు. కింద పడితే పలుగుతయి. అట్లాంటి 2,857 పలకలు నూరేండ్లు దాటినా బతికే ఉన్నయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిని తీసుకొని భద్రపరిచింది. మావోని హార్డ్ డిస్కు పద్నాలుగేండ్లు బతకలేదు. గాజు నిలిచింది, ఇనుపడబ్బా పోయింది. ఎందుకు? ఆ పలకలు విలువైనవని ఎవరో ఒకరు అనుకున్నరు కాబట్టి. మన బొమ్మలు విలువైనవని ముందుగాల మనమే అనుకోలేదు.

వరంగల్ భరత్ భూషణ్ అన్నను యాది చేసుకోవాలె. పత్రికలల్ల పనిచేస్తనే, వాటి అవసరానికి మించి తీసిండు. బతుకమ్మను తీసిండు. పల్లె ఇండ్లను, తలుపులను, గోడల రంగులను తీసిండు. ఉద్యమం ఊపందుకోకముందే, బతుకమ్మ పట్నం పేపర్లకు మొదటి పేజీ వార్త కాకముందే, తంగేడు పూల ముంగట కూసున్నడు. ఏండ్ల తరబడి కేన్సర్‌తో కొట్లాడుకుంటనే కెమెరా దించలేదు. 2022 జనవరిలో పోయిండు. ఆయన ప్రదర్శనలు పెట్టిండు కాబట్టి ఆ బొమ్మలు మనం చూసినం. పెట్టెలనే ఉంటే? ప్రదర్శన అంటే డాబు కాదు మిత్రులారా. బొమ్మను పెట్టెల నుంచి మనుషుల కండ్లలకు తెచ్చే పని.

ఫోటో కింద పేరు

ఇగ మన పేరు ముచ్చట. మండల విలేకరి పంపిన ఫోటో కింద పేరుండదు. ఫోటోకు ఇచ్చే పైసలు బండి పెట్రోలుకు సాలవు. ఇది మీకు చెప్పాల్సిన పని లేదు. కానీ ఇది మన మండలం బాధ మాత్రమే కాదు.

1972 జూన్ 8న వియత్నాంలోని ట్రాంగ్ బాంగ్ ఊరి మీద నాపాం బాంబులు పడ్డయి. బట్టలు కాలిపోయి, ఏడ్చుకుంట ఉరికొస్తున్న తొమ్మిదేండ్ల పిల్ల ఫోటో మీరంతా చూసిన్రు. యాభై ఏండ్లకు పైగా అది అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ నిక్ ఉట్ తీసిండని లోకమంతా నమ్మింది. 2025 జనవరిలో 'ది స్ట్రింగర్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఆ ఫోటో తీసింది న్గుయెన్ థాన్ న్గే అనే స్ట్రింగరని, ఆయనకు కొద్ది పైసలిచ్చి పేరు వేరేవాళ్లకు వేసిన్రని అది వాదించింది. నిక్ ఉట్ తానే తీసినానంటున్నడు. ఏపీ సంస్థ విచారణ చేసి, పేరు మార్చడానికి తగిన రుజువు లేదన్నది. వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ మాత్రం 2025 మేలో, ఎవరు తీసిందీ తేలేదాక ఆ బొమ్మకు పేరు నిలిపివేస్తున్నమని ప్రకటించింది. తీర్పు చెప్పడానికి మేమెవరం? కానీ ఒక్కటి మాత్రం తెలుస్తున్నది. ఆ దినమే రాసిపెట్టిన కాగితం, భద్రంగ ఉన్న నెగెటివ్ ఉంటే ఈ తగాదానే ఉండకపోను.

చట్టం కూడ తెలుసుకోవాలె. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఫోటో తీసినోడు బతికున్నంత కాలం, పోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏండ్లు హక్కుంటది. మామూలుగ తీసినవాడే మొదటి హక్కుదారు. అయితే ఒకరు పైసలిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నోళ్లకు పోతది. అంటే మీరు తీసిన పెండ్లి ఫోటోను ప్రదర్శనల పెట్టాల్నంటే ఆ ఇంటోళ్లను అడగాలె. పత్రికల నౌకరి మీద తీసినదానికి లెక్క వేరే. నౌకరి కానోళ్లు, ఒప్పందం కాగితం లేనోళ్లు ఎక్కడ నిలబడుతరన్నది ఎవరి కథ వాళ్లది. అందుకే, ఎంత చిన్న పత్రికకు పంపినా, 'ఫోటో ఒక్కసారి వాడుకోవచ్చు, పేరు వెయ్యాలె' అని ఒక్క లైను ఈమెయిల్‌ల రాసి పంపుండ్రి. పైస ఖర్చు లేదు.

సాక్ష్యం చెప్పే బొమ్మ

మనం కూసున్న ఈ నేల సంగతి సూడుండ్రి. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచిననాడు ఈ చుట్టుపక్కల గుట్టలు, బండలు, పొలాలు. ఈ బండల వయసు 250 కోట్ల ఏండ్లని శాస్త్రవేత్తలు చెప్తరు. అంత వయసున్నవాటిని ఇరవై ఐదేండ్లల్ల కంకర చేసినం. పడావు పడ్డ బాయి ఎక్కడుండె, బర్రెల మంద ఏ తొవ్వల పోతుండె, ఇప్పటి పిల్లలకు చూపెడదామంటే బొమ్మ కావాలె. ఇక్కడి పాత ఊరోళ్ల ఇండ్లల్ల పెండ్లి ఆల్బములున్నయి. పెండ్లికొడుకు వెనక కనవడే గుట్టనే ఇయ్యాల మిగిలిన ఏకైక సాక్ష్యం. ఆ ఆల్బం తీసింది మీ అసొంటి స్టూడియో ఆయననే.

2025 మార్చి నెలాఖరుల, ఇక్కడికి దగ్గర్లనే ఉన్న కంచ గచ్చిబౌలిల 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినయి. హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం నిలబడ్డరు. చెట్లు కూలుతున్న వీడియోలు, ఫోటోలు దేశమంతా తిరిగినయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. అదే సమయంల, నెమళ్లు, జింకలు పారిపోతున్నట్టు ఏఐతో తయారుచేసిన బొమ్మలు కూడ ఫోన్లల్ల తిరిగినయి. ప్రభుత్వం ఆ బొమ్మలనే పట్టుకొని, ఇదంతా తప్పుడు ప్రచారమన్నది. కేసులు పెట్టిన్రు, నోటీసులిచ్చిన్రు.

ఏమైంది చూసిన్రా? ఒక దొంగ బొమ్మ పది నిజమైన బొమ్మల నోరు మూసింది. పాపం, చెట్ల మీద ప్రేమతోనే కొందరు ఆ బొమ్మలు పంచి ఉండొచ్చు. కానీ మన దిక్కు న్యాయమున్నప్పుడు అబద్ధపు బొమ్మ మనకు సాయం కాదు, ఎదుటోనికి ఆయుధం. అక్కడ నిలబడి నిజంగ తీసినోని దగ్గర అసలు ఫైలు ఉంటది. అండ్ల తారీఖు, టైము, కెమెరా వివరం ఉంటయి. ముందు ఫ్రేము, తర్వాతి ఫ్రేము ఉంటయి. వాట్సాప్‌ల పంపితే ఆ వివరాలు చెరిగిపోతయి. అందుకే అసలు ఫైలు చెరపొద్దు. ఇంతకుముందు ఫోటోనే సాక్ష్యం. ఇగ మీదట ఫోటోకు కూడ సాక్ష్యం కావాలె.

ఏమి చేద్దాం?

ఉపన్యాసం విని ఇంటికి పోతే లాభం లేదు. నాలుగు పనులు చెప్తం.

ఒకటి. ఈ వారమే 2009 నుంచి 2014 దాక మీ దగ్గరున్న ఉద్యమ బొమ్మలు, పాత ఊరి బొమ్మలు బయటికి తియ్యుండ్రి. సీడీలను నమ్మొద్దు. మూడు నకళ్లు చెయ్యుండ్రి. రెండు వేరువేరు డిస్కులల్ల, ఒకటి వేరే ఊర్ల ఉన్న దోస్తు దగ్గర. నెగెటివులుంటే ఎండకు, తేమకు దూరంగ పెట్టుండ్రి.

రెండు. ప్రతి బొమ్మకు తారీఖు, ఊరు, మనుషుల పేర్లు రాసుండ్రి. తెల్వకపోతే పోయి అడుగుండ్రి. పేరు రాసే ముందు వాళ్ల ఇష్టం కూడ అడుగుండ్రి. ముఖ్యంగ బాధల ఉన్నోళ్ల బొమ్మలు. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్‌లో శ్రీకాంతాచారి మంటలల్ల నిలబడ్డ బొమ్మను మనం ఎన్ని ఫ్లెక్సీల మీద పెట్టినమో లెక్క లేదు. ఆయన డిసెంబర్ 3న ప్రాణం విడిచిండు. ఆ బొమ్మ చౌరస్తాల ఎదురైనప్పుడల్లా ఒక తల్లికి ఎట్లుంటదో మనం ఎన్నడన్నా ఆలోచించినమా?

మూడు. ఫోటో పండుగకు దరఖాస్తు చెయ్యుండ్రి. ఎవరికి తోచిన ఒక ఫోటో కాదు, ఒక కథ చెప్పే పది పన్నెండు బొమ్మలు వరుసగ పేర్చుండ్రి. ఇంగ్లీషుల రాసే భారం మాది. తెలుగుల మీరు చెప్పుండ్రి, మేము రాసిపెడుతం. ఇక్కడ ముగ్గురం విలేకరులం ఉన్నం, పోయేముందు నంబర్లు తీసుకొని పోండ్రి. ఎంపిక కాకపోతే అవమానం కాదు. ఎందుకు కాలేదో తెలుసుకొని మర్ల పోదాం.

నాలుగు. గ్యాలరీకి మన బొమ్మ పోయినా పోకపోయినా, బొమ్మ తీసిన ఊరికి మాత్రం పోవాలె. పంచాయతీ ఆఫీసు గోడ ఉన్నది, బడి వరండా ఉన్నది, దసరా ఉన్నది. ఒక తాడు, ఇరవై క్లిప్పులు ఉంటే ప్రదర్శన అయితది.

చివరగా, ఆ మిత్రుని ముచ్చట పూర్తి చెయ్యాలె. రివ్యూ అయిన నెలకు ఆయన బండేసుకొని ఆ రహదారి పక్క ఊర్లన్నీ తిరిగిండు. ఫోటో చూపించుకుంట నాలుగో ఊర్ల ఆమెను పట్టుకున్నడు. ముసలిదైంది. అరుగు మీద కూసొని చిక్కుడుకాయ ఒలుస్తున్నది. ఫోటో చేతికిస్తే కండ్లకు దగ్గర పెట్టుకొని చూసి, 'అన్నం మాడిపోయిందిరా ఆనాడు, నువ్వు ఫోటువ దించుకుంట అడ్డమొచ్చినవు' అని నవ్విందట. 'పద్నాలుగేండ్లకు పేరడుగుతున్నవా బిడ్డా' అన్నదట. తర్వాత పేరు చెప్పింది. ఆనాడు ఎంతమందికి వండిన్రో, బియ్యం ఎవరిచ్చిన్రో, ఆమెతోని పొయ్యి దగ్గర ఎవరెవరున్నరో చెప్పింది. అండ్ల ఇద్దరు ఇప్పుడు లేరు.

ఇప్పుడు ఆ ఫోటో కింద 'తెలంగాణ తల్లి' అని లేదు. ఆమె సొంత పేరున్నది. ఆ పేరు ఈ సభల మేము చెప్పం, ఎందుకంటే ఇక్కడ చెప్పమని ఆమెను అడగలేదు. వచ్చే చలికాలం ఆ పన్నెండు బొమ్మలు మళ్ల పంపుతున్నడు. గోడకెక్కితే అందరం పోయి చూద్దాం. ఎక్కకపోతే ఆమె ఊర్ల, ఆమె అరుగు ముంగటనే తాడు కడుదాం. తారీఖు ఖాయం కాంగనే మీ అందరికి ఫోన్ చేస్తం. క్లిప్పులు మాత్రం మీరే తెచ్చుకోండ్రి.

శెలవు.